గురీ, గుర్తూ

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాడికి తుపాకుల గొడవ ఎందుకని మీరడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే మా ఆవిణ్ణి కేకేసే మనిషిని నేను. అటువంటివాణ్ణి 2024 వేసవి సెలవుల్లో రెండు వారాలపాటు రైఫిలు మీద బిగించే అద్దాల గురించి తప్ప మరో ఊసు లేకుండా గడిపాను. అందులో ఒక సాయంత్రం నేనన్న ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ మాట చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా తమ్ముడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉంటాడు. ఇరవై ఏళ్ళ కిందట కంప్యూటరు ఉద్యోగానికి వెళ్ళి, అక్కడే పౌరసత్వం తీసుకుని, నాలుగేళ్ళ కిందట ఊరికి దూరంగా 22 ఎకరాల భూమి కొన్నాడు. "మనం కృష్ణా జిల్లాలో అమ్ముకున్నదాన్ని ఇక్కడ మళ్ళీ కొనుక్కున్నానన్నయ్యా" అని ఆ రోజు ఫోనులో చెప్పినప్పుడు వాడి గొంతు వణికింది. భూమిలో పశువుల గడ్డి వేశాడు. ఇంటి వెనక ఓ అర ఎకరంలో మా మరదలు గోంగూర, బెండ, వంగ పెంచుతోంది.

వాటన్నిటికీ శత్రువు అడవిపంది. నిజం చెప్పాలంటే అవి పూర్తిగా అడవివి కావు. ఎప్పుడో ఐరోపానుంచి వచ్చినవాళ్ళు తెచ్చుకున్న పెంపుడు పందులు తప్పించుకుని అడవిబాట పట్టాయి. తరువాత కొందరు వేట సరదాకోసం అసలైన అడవిపందుల్ని తెచ్చి వదిలారు. రెండూ కలిసిన సంతతి ఇది. ఒక్క రాత్రి మంద దిగిందంటే తెల్లారేసరికి గడ్డినేల నాగలి పెట్టి దున్నినట్టుంటుంది. ఆ రాష్ట్రంలో వీటిని చంపడానికి ఫలానా కాలమని గాని, ఇన్నేనని గాని నియమం లేదు. సొంత భూమిలోనైనా, యజమాని ఒప్పుకున్న భూమిలోనైనా వేట లైసెన్సు సైతం అక్కరలేదని 2019లో చట్టం చేశారు.

మనవైపు అయితే మంచె కట్టుకుని, వడిసెల తిప్పుతూ, డబ్బాలు వాయిస్తూ రాత్రంతా కాపలా కాసేవాళ్ళు. మా తమ్ముడు రైఫిలు కొన్నాడు. మా మరదలు మాత్రం మొదటినుంచీ ఒకటే మాట: "బోను పెట్టించండి. మందంతా ఒకేసారి పడుతుంది. ఒకదాన్ని కాలిస్తే తక్కినవి పారిపోయి, తెలివి మీరి మళ్ళీ వస్తాయి." ఆవిడ మాట విన్న నాథుడు లేడు.

నేను వెళ్ళేసరికి వాడు ఒక సందిగ్ధంలో ఉన్నాడు. రైఫిలుకు పుట్టుకతో వచ్చే ఇనుప గురి వాడికి పనికిరావడం లేదు. కారణం వయసే. వెనక ఒక గాడి, గొట్టం చివర ఒక మేకు, ఎదర లక్ష్యం; ఈ మూడూ ఒక వరసలోకి రావాలి. కాని మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. కుర్రతనంలో కన్ను చప్పున ఒకదానిమీదినుంచి ఇంకొకదానిమీదికి మారుతుంది. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కుతుంది. దగ్గరున్న పేపరే మసక బారుతుంటే ఇక గాడీ మేకూ ఏం కనిపిస్తాయి?

అంచేత అద్దం బిగించాలి. ఏ అద్దం? అక్కడి తుపాకీరాయుళ్ళు దీనిమీద రెండు మతాలుగా చీలి ఉన్నారు. ఒకటి రెడ్ డాట్ మతం, అంటే ఎర్రచుక్క. రెండోది ఎల్.పి.వి.ఓ. మతం. అది ఒక రెట్టునుంచి ఆరు, ఎనిమిది రెట్లదాకా పెద్దదిచేసి చూపే చిన్న దుర్భిణి. అద్వైతులకూ ద్వైతులకూ కూడా ఇంత వాదన జరిగి ఉండదు.

"నువ్వూ రా అన్నయ్యా, చూసి చెబుదువుగాని" అని నన్ను దుకాణానికి తీసుకెళ్ళాడు. సందర్శకుల వీసామీద వెళ్ళినవాడు అక్కడ తుపాకీ ముట్టుకోవడం, కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, చట్టరీత్యా నేరం. నాకా కోరికా లేదు. అద్దాలు మాత్రం తుపాకీకి బిగించకుండా విడిగా బల్లమీద పెట్టారు. వాటిలోంచి చూడడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

మొదట ఎర్రచుక్క చూశాను. మావాడు చుక్క ఎంత గుండ్రంగా, ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోతున్నాడు. నాకు మాత్రం చుక్కకు బదులు పల్లేరుకాయ కనిపించింది. నాలుగువైపులా ముళ్ళు! "ఇది చెడిపోయింది, ఇంకొకటి చూపించండి" అన్నాను. ఇంకొకటి తెచ్చారు. అందులోనూ పల్లేరుకాయే.

దుకాణంలో ఉన్న పెద్దాయన నవ్వి, తన ఫోనుతో ఆ అద్దంలోంచి ఫొటో తీసి చూపించాడు. ఫొటోలో చుక్క చక్కని కుంకుమబొట్టులా ఉంది. అద్దంలో లోపం లేదు. లోపం నా కంటిది. కంటి ముందుపొర వంపు అన్నివైపులా సమానంగా లేకపోతే వెలుతురు ఒక బిందువు దగ్గరికి చేరకుండా చెదిరిపోతుంది. దాన్నే అస్టిగ్మాటిజం అంటారు. కళ్ళజోడు చీటీలో 'సిలిండరు' అని రాసేది దానికోసమే. నేను కళ్ళజోడు మార్పించి అప్పటికి నాలుగేళ్ళయింది.

నాకు మా మేనమామ గుర్తుకొచ్చాడు. ఆయన బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీలో కటకాలు అరగదీసే పనిచేశాడు. 1926లో పెట్టిన కంపెనీ అది; 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళ చేతికి వచ్చింది. చిన్నప్పుడు నాకొక భూతద్దం ఇచ్చి ఆయన అన్నాడు: "అద్దం చూపిస్తుందిరా. చూడవలసింది నువ్వే." అప్పుడది మామూలు మాటే అనుకున్నాను.

ఎర్రచుక్క ఎలా పనిచేస్తుందో ఆ పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. గూటిలో ఒక చిన్న దీపం ఉంటుంది. దాని వెలుతురు ఎదర ఉన్న వంపు అద్దం మీద పడుతుంది. ఆ అద్దానికి వేసిన పూత ఎరుపును మాత్రం వెనక్కి తిప్పి, తక్కిన రంగుల్ని పోనిస్తుంది. తిరిగొచ్చే కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి గనక, చుక్క ఎక్కడో దూరాన లక్ష్యం మీదే నిలిచినట్టుంటుంది. గాడీ మేకూ వరస కలపనక్కరలేదు. కన్ను సరిగ్గా నడిమధ్యన ఉండనక్కరలేదు. రెండు కళ్ళూ తెరుచుకునే చూడవచ్చు. చుక్క ఎక్కడుంటే తూటా ఇంచుమించు అక్కడికి వెళుతుంది. ఈ ఊహ కొత్తది కాదు. 1900లో డబ్లిన్ నగరంలో టెలిస్కోపులు చేసే హోవర్డ్ గ్రబ్ దీనికి పునాది వేశాడు. బ్యాటరీ దీపంతో వేటగాళ్ళకు పనికొచ్చే రూపంలో 1975లో స్వీడన్ వాళ్ళు తెచ్చారు.

మరి లోపం? అది దేన్నీ పెద్దదిచేసి చూపదు. చుక్క కొలతను 'నిమిషాల్లో' చెబుతారు. గడియారం నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. 100 గజాల దూరాన ఒక నిమిషమంటే ఇంచుమించు ఒక అంగుళం. అంచేత 2 నిమిషాల చుక్క 100 గజాల దగ్గర 2 అంగుళాల మేర, 200 గజాల దగ్గర 4 అంగుళాల మేర కప్పేస్తుంది. మసక వెలుతుర్లో దీపం తగ్గించకపోతే వెనకున్నదాన్ని ఇంకా మింగుతుంది. బ్యాటరీ అయిపోతే చుక్కే ఉండదు.

తరువాత చిన్న దుర్భిణి చూపించాడు. దీన్లో పల్లేరుకాయల బెడద లేదు. గురిగీతలు అద్దంమీదే చెక్కి ఉన్నాయి. కంటి దగ్గరి వలయం కాస్త తిప్పుకుంటే నాకు కూడా నల్లగా, పదునుగా కనిపించాయి. బ్యాటరీ లేకపోయినా గీతలు ఎక్కడికీ పోవు. ఆరు రెట్ల మీద పెడితే 120 గజాల దూరంలో ఉన్నది 20 గజాల్లో ఉన్నట్టే. రోడ్డుకవతల బోర్డుమీది అక్షరాలన్నీ చదివేశాను.

దీనికీ లోపాలున్నాయి. కన్ను అద్దానికి మూడు నాలుగు అంగుళాల వెనక, సరిగ్గా నడిమధ్యన ఉండాలి. కొంచెం పక్కకి జరిగితే నల్లటి నెలవంక అడ్డొస్తుంది. రెట్లు పెంచినకొద్దీ చుట్టుపక్కల మేర తగ్గిపోతుంది. బరువా, పట్టీతో కలిపి ముప్పావు కిలో దాకా ఉంటుంది. చుక్కలవాళ్ళ గూడు చిన్నరకమైతే దాన్లో నాలుగో వంతైనా ఉండదు. చీకటి పడేవేళ ఇంకొక చిక్కు. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుతురు స్తంభం వెడల్పు వస్తుంది. 24 మిల్లీమీటర్ల అద్దం ఆరు రెట్ల మీద 4 మిల్లీమీటర్లు, నాలుగు రెట్ల మీద 6. అంచేత పొద్దు గుంకేవేళ రెట్లు తగ్గించుకుంటేనే బొమ్మ వెలుగుగా ఉంటుంది. పెంచితే బాగా కనిపిస్తుందనుకునే నాబోటివాళ్ళకు ఇది వింతే.

మావాడు సైన్యాన్ని సాక్ష్యం పిలిచాడు. అమెరికా పదాతిదళం 1990ల చివర ఎర్రచుక్కను తీసుకుంది. 2020లో మెరైన్ దళం ఒకటినుంచి ఎనిమిది రెట్ల దుర్భిణిని ఎంచుకుంది. 2022లో పదాతిదళం కూడా తన కొత్త రైఫిళ్ళకు అటువంటిదే, దూరం కొలిచే యంత్రంతో సహా, ఎంపిక చేసింది. దుకాణం పెద్దాయన ఇదంతా విని, "సైన్యం సంగతి సైన్యానికి. మీరెంత దూరంలో, ఎంత వెలుతుర్లో, దేన్ని చూడాలి? అది చెప్పండి" అన్నాడు.

ఈ ప్రశ్నకు మేమిద్దరం నిజాయితీగా సమాధానం చెప్పి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. చెప్పలేదు. మా తమ్ముడికి చుక్క చుక్కలాగే కనిపించింది. తేలిక, చవక, చురుకు. దుర్భిణి ధర దానికి రెట్టింపు. "పంది పరుగెడుతుంటే వలయాలు తిప్పుకుంటూ కూర్చుంటానా?" అన్నాడు. నేనూ తలూపాను. ఎర్రచుక్క కొన్నాం.

మూడోనాడు సాయంత్రం ఎనిమిదిన్నర. అక్కడ వేసవిలో అప్పుడే పొద్దు గుంకుతుంది. గడ్డిమోపుల చాటున నేనూ, మా తమ్ముడూ, పదమూడేళ్ళ మా తమ్ముడి కొడుకూ కూర్చున్నాం. వాడికి పక్షుల్ని చూసే పిచ్చి. మెడలో ఎప్పుడూ ఒక బైనాక్యులర్సు వేలాడుతుంటుంది. పొలం చివర, కంచె దగ్గర, ఎత్తుగా పెరిగిన గడ్డి కదిలింది. నల్లటిది, పొట్టిది, తల వంచి నేలను కెలుకుతోంది.

"అదుగో!" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. తమ్ముడు కాదు, పిల్లవాడు కాదు. మూడు రోజులుగా పంది కోసం ఎదురుచూసిన నా కంటికి ఆ నలుపు పందిగానే కనిపించింది. ఒక్క క్షణమైనా అనుమానం రాలేదు.

తమ్ముడు రైఫిలు భుజానికెత్తాడు. తరువాత చెప్పాడు, చుక్క తిన్నగా వెళ్ళి ఆ నలుపుమీద నిలిచిందట. ఇనుప గురితో ఎన్నడూ అంత సులువుగా కుదరలేదట. మా పక్కన పిల్లవాడు బైనాక్యులర్సు కళ్ళకు పెట్టుకున్నాడు. ఒక్క క్షణం. అంతే.

"నాన్నా, వద్దు! పంది కాదు, దూడ. వెనకాల తాత ఉన్నాడు!"

తాత అంటే పక్క కమతం ముసలాయన. అక్కడివాడే అయినా మావాళ్ళ పిల్లవాడు ఆయన్ని తాత అనే పిలుస్తాడు. ఆయన నల్లదూడ కంచె కిందినుంచి దూరి ఇటు వచ్చింది. దాన్ని వెనక్కి తోలడానికి ఆయన మోకాళ్ళమీద కూర్చుని, తల వంచి, కింది తీగ పైకెత్తుతున్నాడు. దూడకు సరిగ్గా వెనక.

తమ్ముడు రైఫిలు దించేశాడు. ఏ మాటకామాటే చెప్పాలి, వాడి వేలు అప్పటికి ట్రిగ్గరు మీద లేదు, బయటే ఉంది. తుపాకీ తాళం కూడా తీయలేదు. తాను ఆపద్ధర్మంగా నేర్చుకున్న ఆ రెండలవాట్లూ వాణ్ణి కాపాడాయి. తూటా తీసి జేబులో వేసుకుని, అలాగే నేలమీద కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. నా సంగతి చెప్పనక్కరలేదు. చీకట్లో ముసలాయన చెయ్యి ఊపి, దూడను తోలుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకేమీ తెలియదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. నేను పాతికేళ్ళుగా క్లాసులో చెబుతూ వచ్చిన కథ నా మంచం పక్కన వచ్చి కూర్చుంది. దశరథుడు శబ్దవేధి. చీకట్లో, సరయూ తీరాన, నీళ్ళు ముంచుకునే కుండ చప్పుడు విని ఏనుగు తొండంతో తాగుతున్నదనుకున్నాడు. బాణం వేశాడు. గురి తప్పలేదు, వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ముని కుమారుడు నేలకూలాడు. విద్యార్థులకు నేను ఎప్పుడూ ఆ తల్లిదండ్రుల శోకం గురించి, శాపం గురించి, కరుణరసం గురించే చెబుతూ వచ్చాను. ఆ కథలో అసలు పాఠం ఇన్నేళ్ళకు, సముద్రాల కవతల, గడ్డిమోపు పక్కన తెలిసింది. దశరథుడికి గురి ఉంది, గుర్తు లేదు.

గురిపెట్టడం వేరు, గుర్తుపట్టడం వేరు. ఎర్రచుక్క గురికి సాయపడుతుంది. తూటా ఎక్కడికి వెళుతుందో చెబుతుంది. అక్కడున్నది ఏమిటో చెప్పదు. గురి అంత సులువుగా కుదిరేసరికి గుర్తు కూడా కుదిరిందని మనసు భ్రమపడుతుంది. దగ్గరలో, పట్టపగలు, ఉన్నది ఏమిటో ముందే తెలిసినచోట దానికి మించిన సాధనం లేకపోవచ్చు. వంద గజాలు దాటి, మసకవేళ, నలుపులో నలుపును చూడవలసినచోట అది చాలదు.

మర్నాడు మళ్ళీ దుకాణానికి వెళ్ళాం. తమ్ముడు జరిగింది దాచకుండా చెప్పాడు. పెద్దాయన అద్దం మార్చి, ఒకటినుంచి ఆరు రెట్ల దుర్భిణి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కాని డబ్బు తీసుకునే ముందు ఒక మాటన్నాడు. దీనితో కూడా గుర్తుపట్టాలని చూడవద్దు. దుర్భిణి రైఫిలు మీద ఉంది గనక, దానిలోంచి దేన్ని చూసినా దానివైపు తుపాకీ ఎక్కుపెట్టినట్టే. అది మనిషైతే మనిషివైపు ఎక్కుపెట్టినట్టే. ముందు బైనాక్యులర్సుతో చూడండి. అది ఏమిటో, దాని వెనక ఏముందో తెలిశాకనే రైఫిలు ఎత్తండి. ఆపైన దుర్భిణి తన పని చేస్తుంది. దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడ తగిలేటట్టు, జంతువు గాయంతో పారిపోయి బాధపడకుండా చూస్తుంది.

పిల్లవాడి బైనాక్యులర్సు ఎనిమిది రెట్లది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. భాగించి చూసుకుంటే 5 మిల్లీమీటర్ల పైన. మసకవేళ వాడికంత స్పష్టంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. మా ఇద్దరి నలభైలనాటి కళ్ళకూ, వాడి పదమూడేళ్ళ కళ్ళకూ ఉన్న తేడా సరేసరి.

ఇంటికొచ్చాక మా మరదలు ఏమీ అనలేదు. బోను ధరల పట్టిక మాత్రం భోజనాల బల్లమీద పెట్టింది. నేను తిరుగు ప్రయాణం కట్టే లోపల పొలం మూల పెద్ద ఇనుప దడి బోను లేచింది. తరువాత ఒకే రాత్రి తొమ్మిది పడ్డాయని ఫోనులో చెప్పింది. "మీ తమ్ముడి దుర్భిణి బీరువాలో క్షేమంగా ఉంది బావగారూ" అని కూడా చెప్పింది. ముసలాయనకు తమ్ముడు తనంతట తనే వెళ్ళి జరిగింది చెప్పుకున్నాడట. ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, చివరికి, "రేపు వచ్చి కంచె బాగుచేద్దాం, ఇద్దరం కలిసి" అన్నాడట.

బందరు వచ్చిన వారంలోనే కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. సిలిండరు నంబరు బాగానే పెరిగింది. కొత్త జోడు పెట్టుకుని ఆ రాత్రి వీధిలోకి వచ్చేసరికి, నాలుగేళ్ళుగా ముళ్ళు విచ్చుకుని కనిపించిన వీధిదీపాలు గుండ్రంగా ఉన్నాయి. దీపాలే అలా ఉంటాయనుకుని ఇన్నాళ్ళూ నడిచాను!

ఈ ఏడు దశరథుడి ఘట్టం చెప్పేటప్పుడు క్లాసులో ఒక కుర్రవాడు లేచి, "సార్, అంత గొప్ప విలుకాడు కదా, పొరపాటు ఎలా చేశాడు?" అని అడిగాడు. గొప్ప విలుకాడు గనకనే చేశాడని చెప్పాను. నా 'అదుగో' సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు. మీకు చెప్పాను.